స్ప్రింగు మంచము: మన్నిక, మరమ్మతు

మన ఇండ్లలో మంచము కొను సందర్భములు మూడే. ఆడపిల్లకు పెండ్లిచేసి సారె పంపునపుడు ఒకటి, ఇంటిలో పురుడు వచ్చినపుడు ఒకటి, పెద్దవారు మంచము పట్టినపుడు ఒకటి. మూడును చేతిలో డబ్బు ఆడని సమయములే. కనుకనే మా మనుబోలు ప్రాంతమున ఎన్నో సంసారములు స్ప్రింగు మంచమును అప్పు తెచ్చియో, వాయిదాల పద్ధతిమీదనో కొనుచున్నవి. కొనునపుడు ధర అడుగుదురు, రంగు చూతురు, అరచేతితో నొక్కి మెత్తదనమును పరీక్షింతురు. ఇది చెడినచో ఎవరు బాగుచేయుదురని అడుగువారు మాత్రము అరుదు. వాయిదాలు తీరకమునుపే నడుము చోట గుంటపడి, రెండు మూడు స్ప్రింగులు తెగి, మంచము గోడకు చేరగిలబడును. అప్పు మాత్రము నిలిచియే యుండును. ఆ అడుగని ప్రశ్నను గూర్చియే నేడు శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

స్ప్రింగు మంచమును గూర్చి చెప్పుటకు ముందు నులకమంచమును ఒకసారి తలచుకొనవలెను. అది కాలము చెల్లిన వస్తువని తోసివేయుటకు వీలులేదు. మరమ్మతు విషయమున అంతకు మించిన పాఠము మాకు మరియొకటి కనబడలేదు. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, ఒక చుట్ట నులక. ఇంతే దాని సరంజామా. పట్టెల కొసలు కోళ్ళ బెజ్జములలో దూరి నిలుచును. నులకను తలాపునుండి అల్లుకొని వచ్చి, కాళ్ళవైపు కొంత ఖాళీ విడిచి, అల్లిక అంచునకును కాళ్ళవైపు పట్టెకును నడుమ ఒక బిగింపు త్రాడు నడుపుదురు. పడుకొనగా పడుకొనగా నులక సాగును. సాగినపుడు ఆ త్రాడును ఒక్కొక్క చుట్టుగా లాగి కట్టినచో మంచము మరల మద్దెల మూతవలె బిగియును. అట్లు బిగింపక విడిచినదానికి మనవారు పెట్టిన పేరు కుక్కిమంచము. ఆ మాటలోని తిట్టు మంచమునకు కాదు, దానిని బిగింపని ఇంటివారికే తగులును.

నులక తెగినచో ముడి వేయుదురు. పట్టె విరిగినచో ఆ పట్టె ఒక్కటియే మార్తురు. జనుము గాని, గోగునార గాని, కొబ్బరిపీచు గాని ఇంటిముందరనే దొరకును. నులక పేనుట రైతుకు తీరికవేళ పని. నవారు మంచమయినను ఇట్టిదే. నవారును విప్పి, ఉతికి, ఆరవేసి, మరల అల్లుకొనవచ్చును. ఇక పరుపు మాట. దూది అణగిపోయినపుడు పరుపు చెడినదని ఎవరును పారవేయలేదు. దూదేకులవారు తమ వింటిని భుజమున వేసికొని వీధిలోనికి వచ్చెడివారు. అరుగుమీదనే పరుపు విప్పి, దూది ఏకి, మరల కుట్టి, సాయంకాలమునకు కొత్తదానివలె చేసి ఇచ్చెడివారు. ఆలోచించినచో, ఆనాటి వడ్రంగి మంచమును మాత్రమే చేయలేదు. రేపు దానిని బాగుచేయవలసినవాని పనిని గూడ లెక్కవేసికొని చేసినాడు. ఆ లెక్కయే నేటి స్ప్రింగు మంచమున లోపించినది.

ఇంత చక్కని మంచమును మనము ఏల విడిచితిమని అడుగవచ్చును. నల్లులవలన అని సూటిగా చెప్పుటకు సంకోచమెందుకు? నులక సందులలోను, కోళ్ళ బెజ్జములలోను కాపురముండు ఆ జీవులను వెడలగొట్టుటకు ఎండలో వేసి, మరుగు నీరు పోసి, కోళ్ళను నేలకు కొట్టి మన పూర్వులు పడిన పాట్లు అన్నియిన్ని కావు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండునందలి బర్మింగుహాము నగరము ఇనుప మంచముల తయారీకి పేరెన్నిక గన్నది. ఆసుపత్రులును, విద్యార్థుల వసతిగృహములును ఇనుప మంచమును ఆదరించుటకు నల్లుల బెడదయే ఒక ముఖ్యకారణము. పరుపులో స్ప్రింగులు అమర్చు పద్ధతిని 1871లో జర్మనీ దేశీయుడు హైన్రిఖ్ వెస్ట్‌ఫాల్ కనిపెట్టెనని చెప్పుదురు. 1900 ప్రాంతమున జేమ్స్ మార్షల్ అను నతడు ఒక్కొక్క స్ప్రింగును ఒక్కొక్క గుడ్డసంచిలో కుట్టు పద్ధతిని తెచ్చెను. ఒకరు ఒత్తిగిలినచో ప్రక్కవారికి కుదుపు తగులకుండుట దానిలోని సౌఖ్యము. ఈ చరిత్ర ఇంతటితో చాలును. మనకు కావలసినది ఆ యంత్రము ఎట్లు పనిచేయుచున్నది, ఎచ్చట తెగుచున్నది అనునదే.

మన ప్రాంతమున రెండు తరగతుల స్ప్రింగు మంచములు వాడుకలో ఉన్నవి. ఒకటి ఇనుప చట్రమునకు తీగవల పరచి, ఆ వల అంచులను చిన్న చిన్న స్ప్రింగులతో చట్రమునకు తగిలించినది. ఆసుపత్రులలో చాలకాలము కనబడినది ఇదే. రెండవది చక్కచట్రముమీద స్ప్రింగు పరుపు వేసినది. ముందు మొదటిదానిని చూతము.

దండెము కట్టని ఇల్లుండదు గదా! తడి పంచె వేసినపుడు దండెము కొంచెము క్రుంగును. దానిని క్రుంగకుండ కట్టవలెనని ఎంత గట్టిగా లాగి కట్టుదుమో, అంత త్వరగా గోడమేకు ఊడివచ్చును. తీగవల మంచమునకు వర్తించునదియు ఈ దండెపు న్యాయమే. అరువది కిలోల మనిషి ఆరడుగుల వలమీద పరుండినాడనుకొందము. బరువు పొడుగునా సమముగా పరచుకొని, వల నడుమ 15 సెంటీమీటర్లు క్రుంగినచో తలాపు, కాళ్ళవైపు కమ్ములను లోపలికి లాగు బలము ఇంచుమించు 90 కిలోలు. క్రుంగుట 10 సెంటీమీటర్లకు తగ్గునట్లు బిగించినచో ఆ లాగుడు 135 కిలోలగును. మనిషి బరువు పెరుగలేదు, వల బిగువు మాత్రమే పెరిగినది. పాత నులకమంచముల పొడుగు పట్టెలు లోనికి వంగియుండుట మీరు చూచియే యుందురు. దానికి కారణము ఇదే. కనుక గట్టిగా ఉండవలెనని కొట్టులోననే అత్యంతము బిగించి అమ్ము మంచము మంచిదని భ్రమపడరాదు. కొంచెము క్రుంగనిచ్చి, సాగినపుడు మరల బిగించుకొను వీలుంచినదే మంచి మంచము.

ఇక మన గాలి సంగతి. గూడూరునకును నెల్లూరునకును నడుమ, రైలుమార్గముమీదను పెద్ద రహదారిమీదను ఉన్న మా ఊరినుండి సముద్రము కనబడదు. కాని తూర్పుగాలి తిరిగినపుడు కృష్ణపట్నము వైపునుండి వచ్చు తేమకు ఆ దూరము ఒక లెక్క కాదు. వట్టి ఉప్పు, గాలిలో తేమ నూటికి డెబ్బదియైదు పాళ్ళు దాటినగాని నీరు కారదు. సముద్రపు ఉప్పులో మెగ్నీషియము క్లోరైడు అను మరియొక లవణము కలసియుండును. అది నూటికి ముప్పదిమూడు పాళ్ళ తేమకే చెమర్చును. అనగా తీరప్రాంతమున ఇనుముమీద వ్రాలిన ఉప్పుపొర సంవత్సరమున చాలభాగము తడిగానే యుండునన్న మాట. దీనికి మనిషి చెమట తోడగును, చెమటయు ఉప్పే. అక్టోబరునుండి డిసెంబరు వరకు ఈశాన్యపు వానలు పట్టినపుడు ఇల్లంతయు ముక్కవాసన వేయును, పరుపు ఆరదు. అట్టి పరుపు క్రింద స్ప్రింగులు ఏ స్థితిలో ఉండునో చెప్పనక్కరలేదు.

త్రుప్పు పైపొరనే గదా తినునని ఉపేక్షింపరాదు. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్కు 1678లో ప్రకటించిన నియమము ప్రకారము స్ప్రింగు ఎంత బరువునకు అంత సాగును. కాని ఏ స్ప్రింగు ఎంత గట్టిది అనునది ప్రధానముగా తీగ మందముమీద ఆధారపడియున్నది. ఆ ఆధారము విచిత్రమైనది. తీగ మందము పదింట ఒకవంతు తగ్గినచో స్ప్రింగు బిగువు పదింట ఒకవంతు తగ్గుననుకొందుము. కాదు, మూడింట ఒకవంతునకు పైగా తగ్గును. అదే బరువునకు ఆ తీగ లోపల పడు ఒత్తిడి నూటికి ముప్పదియేడు పాళ్ళు హెచ్చును. పైగా త్రుప్పు తీగను నునుపుగా చెక్కినట్లు తినదు. చిన్న చిన్న గుంటలుగా తొలుచును. మనిషి రాత్రి ఒత్తిగిలినపుడెల్ల ఆ గుంటల అడుగున తీగ విచ్చుకొనుచు వచ్చును. అందుచేతనే నిన్నటివరకు బాగుగానున్న స్ప్రింగు ఒకనాటి రేయి టప్పున తెగి, ఇంటిల్లపాదిని లేపును.

తెగునది ఎచ్చట? మేము మంచములు విప్పి చూచినంతలో నడుమ చుట్లలో తెగినవి తక్కువ. కొసను వంచిన కొక్కెముదగ్గర తెగినవే ఎక్కువ. దీనికి కారణము లేకపోలేదు. చుట్లలోని తీగ మెలితిరుగుట ఒక్కటియే భరించును. కొక్కెము వంపులోని తీగ మెలితిరుగుటను, వంగుటను రెండింటిని భరింపవలెను. ఆ వంపును ఎంత ఇరుకుగా వంచినచో అంత త్వరగా తెగును. కొక్కెము కమ్మిని ఒరయుచోట రంగు మొదట ఊడును, త్రుప్పు మొదట పట్టును. కష్టములన్నియు ఒక్కచోటనే చేరినట్లున్నది.

కొక్కెము తెగిన స్ప్రింగును కొలిమికి తీసికొనిపోవువారు కలరు. ఎర్రగా కాల్చి వంచినచో సులభముగా వంగును. రెండు మూడు నెలలు పనిచేయును కూడ. ఆ మీదట ఆ కొస సాగిపోవును, లేదా మరల విరుగును. కొడవలికి పదును పెట్టు కమ్మరికి ఈ రహస్యము తెలియనిది కాదు. స్ప్రింగు ఉక్కుకు తయారీలోనే ఒక పదును ఇచ్చియుందురు; ఎర్రగా కాల్చి చల్లారనిచ్చినచో ఆ పదును పోయి అది మెత్తని ఇనుమువలె అగును. చేయదగిన పని వేరు. తెగిన కొసవద్ద మిగిలిన చివరి చుట్టును చల్లగానున్నపుడే పట్టుకారుతో మెల్లగా పైకెత్తి, గుండ్రని కొక్కెముగా నిలబెట్టవలెను. స్ప్రింగు ఒక చుట్టు పొట్టిదగును, కొంచెము బిరుసెక్కును. అయినను పదును చెడదు. ఇది అవసరమునకు చేయు పని. ఒకే స్ప్రింగునకు మరల మరల చేయదగినది కాదు.

మంచము చేయువారికి మేము సూచింపదలచినది వినుడు. మన రహదారిమీద లారీల మరమ్మతు షెడ్లు ఎన్నో ఉన్నవి. లారీకి కమానుకట్ట యున్నది. అదియు స్ప్రింగే, టన్నుల బరువు మోయు స్ప్రింగు. దానిలో ఒక ఆకు విరిగినచో కట్టనంతయు పారవేయుదురా? యూ బోల్టులు విప్పి, విరిగిన ఆకు తీసివేసి, కొత్త ఆకు వేసి, మరల బిగించి లారీని సాగనంపుదురు. సైకిలు షాపునకు పోయి చూడుడు. చక్రమున పుల్ల విరిగినచో ఆ ఒక్క పుల్లను మార్చి, తక్కిన పుల్లల బిగువు సవరించి బెండు తీయుదురు. పదునాలుగేండ్ల కుర్రవాడు ఒక్క పానాతో చేయగల పని అది. సైకిలు పల్లెపల్లెకు వ్యాపించుటకు దాని వేగము ఎంత కారణమో, ఈ సులభమైన మరమ్మతు అంత కారణమని మా అభిప్రాయము. మరి రాత్రికి ఎనిమిది గంటలు మనలను మోయు మంచమునకు ఈ భాగ్యము ఏల కలుగరాదు?

తీగవల మంచమున కాళ్ళవైపు స్ప్రింగులను చట్రమునకు నేరుగా తగిలింపక, ఒక విడి కడ్డీకి తగిలింపవలెను. ఆ కడ్డీని చట్రమునకు పట్టియుంచుటకు నాలుగు పొడుగైన మరబోల్టులు చాలును. వల సాగినపుడు ఆ నాలుగు నట్టులను తలా రెండు మూడు చుట్లు త్రిప్పినచో మంచము బిగియును. నులకమంచపు బిగింపు త్రాడే ఇచ్చట బోల్టు రూపమున వచ్చినది. మంచములోని నట్టులన్నియు ఒకే కొలతవి కావలెను; ఇంటిలో ఒక్క పానా యున్న చాలునట్లుండవలెను. ఒకచోట పెద్దది, ఒకచోట చిన్నది పెట్టుట చేయువారికి ఆ పూటకు చేతికి దొరికినది వాడుకొను సౌకర్యమే గాని, కొన్నవారికి బ్రతుకంత అసౌకర్యము.

స్ప్రింగు కొక్కెమును కమ్మికి నేరుగా తగిలింపక, నడుమ ఎస్ అక్షరమువలె వంచిన మెత్తని ఇనుప కొక్కెమొకటి ఉంచుట మరింత మేలు. ఇంటి కరెంటునకు ఫ్యూజుతీగ ఎట్టిదో మంచమునకు ఆ కొక్కెము అట్టిది. పిల్లలు మంచముమీద గంతులు వేసినపుడు మొదట విచ్చుకొనునది అది. ఖరీదైన స్ప్రింగు నిలుచును. దానిని ఏ వెల్డింగు షాపులోనైనను మేకుతో వంచి ఇత్తురు. ఎన్నటికిని తెగని మంచమును ఎవరును చేయలేరు. ఏది ముందుగా తెగవలెనో, దానిని ఎట్లు మార్చవలెనో నిర్ణయించుట మాత్రము చేయువారి చేతిలోనిది. ఆరు స్ప్రింగులు, ఆరు కొక్కెములు చిన్న గుడ్డసంచిలో కట్టి మంచముతోపాటు ఇచ్చినచో కొట్టువారికి పెద్ద నష్టము రాదు.

చట్రమునకు గొట్టము మేలా, ఎల్ ఆకారపు యాంగిలు కమ్మి మేలా అని తరచు తర్కము జరుగును. గొట్టము చూచుటకు అందము, బరువు తక్కువ. కాని మన తీరమున గొట్టము లోపల చేరిన చెమ్మ బయటికి పోదు. లోలోన తిని ఒకనాడు కోడు మడతపడును. గొట్టమే వాడదలచినచో క్రిందికొసన చిన్న బెజ్జము విడువవలెను, లేదా రెండు కొసలను గాలి చొరకుండ మూయవలెను. యాంగిలు కమ్మి మొరటుదే. అయినను దాని త్రుప్పు కంటికి కనబడును, గీకి రంగు వేయవచ్చును. మా ఓటు మొరటుదానికే. వెల్డింగును మేము తప్పుపట్టము. అరుగని భాగములను ఎంత గట్టిగా అతికినను మంచిదే. అరుగు భాగమును మాత్రము అతుకరాదు, బోల్టుతోనే బిగింపవలెను. పూతల విషయమున ఒక హెచ్చరిక. తళతళలాడు మెరుగుపూత వేయు పద్ధతిలో ఉక్కులోనికి హైడ్రోజను చొరబడి, సరిగా కాచి తీయనిచో స్ప్రింగు పెళుసెక్కును. చట్రమునకు కరగిన జింకులో ముంచిన పూత, స్ప్రింగునకు ముందే జింకు పట్టించిన తీగ; ఇవి కంటికి బూడిదరంగుగా కనబడినను మన ఉప్పుగాలికి తగినవి.

ఇక స్ప్రింగు పరుపు. దీని కథ మరింత చిక్కు. మార్షల్ సంచులలోని స్ప్రింగులు వేనికవి స్వతంత్రములే. కాని ఆ సంచులన్నిటిని ఒకదానితో నొకటి బంకతో అతికి, పైన నురుగుపొరను బంకతో అతికి, దానిపై గుడ్డను చుట్టును కుట్టివేయుదురు. ఒక్క స్ప్రింగు మార్చవలెనన్నను పరుపును కోయవలసినదే. మనిషి నడుము ఆనుచోట ఉన్న స్ప్రింగులు అణగిపోవుసరికి, తలాపునను పాదములవద్దను ఉన్నవి కొత్తవానివలెనే యుండును. మూడవ వంతు అరిగినదని మొత్తము పారవేయుట ఏ లెక్క?

మా సూచన ఇది. ఆరడుగుల పరుపులో స్ప్రింగుల పొరను ఒకే పలకగా చేయక, రెండేసి అడుగుల మూడు పలకలుగా చేయవలెను. మూడును ఒకే కొలతవి, ఒకే బిగువుగలవి. ఏడాది కొకసారి నడుమ పలకను పాదములవైపునకును, పాదములవైపుదానిని తలాపునకును, తలాపుదానిని నడుమకును మార్చుకొనవలెను. లారీ చక్రములను ఇట్లు త్రిప్పి వేయుట మనకు క్రొత్త కాదు. పలకల కీలు వీపునకు తగులునను శంక రావచ్చును. పైన కొబ్బరిపీచు పలకయు, దానిపై పలుచని దూదిపరుపును వేసినచో తగులదు. పై గలీబు జిప్పుతోనో, నాడాలతోనో విప్పుకొనునట్లుండవలెను. విప్పగల పరుపును ఎండవేయవచ్చును, నల్లి చేరినదా లేదా చూడవచ్చును. బంకను మాత్రము దగ్గరకు రానీయరాదు. మరమ్మతునకు బంకను మించిన శత్రువు లేదు.

విదేశములలో ఈ ఆలోచన చట్టముల వరకు వచ్చినది. ఫ్రాన్సు దేశమున 2021 జనవరినుండి కొన్ని వస్తువులపై వాని మరమ్మతు ఎంత సులభమో తెలుపు అంకెను ముద్రింపవలెనని నిబంధన వచ్చినది. మొదట చేరినవానిలో సెల్‌ఫోనులు, టెలివిజనులు, బట్టలుతుకు యంత్రములు ఉన్నవి. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రము 2013లో పాత పరుపులను సేకరించి విడదీయు భారమును తయారీదారులపై మోపుచు చట్టము చేసినది. అచ్చట పరుపులను కత్తితో కోసి, ఉక్కు వేరు, నురుగు వేరు, దూది వేరు చేయుదురు. చచ్చిన పరుపునకు కత్తితో చేయు ఆ పనిని, బ్రతికియున్నపుడే నాడాలతో చేయునట్లు కుట్టియుండినచో ఎంత బాగుండెడిది! మన దేశమున వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘమును నియమించినది. ఆ సంవత్సరము డిసెంబరు 24న దానికై ఒక ఇంటర్నెట్ వేదికను ప్రారంభించినది. వ్యవసాయ పరికరములు, ఫోనులవంటి ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణములు, వాహనములు ముందుగా ఎంచుకొన్న రంగములు. మంచము పేరు వానిలో ప్రత్యేకముగా వినబడలేదు. చట్టము వచ్చువరకు ఆగనక్కరలేదు. కొనునపుడు మనమే అడుగవచ్చును.

ధర పెరుగదా యని కొందరు ప్రశ్నింతురు. పెరుగును, దాచుట ఎందుకు? బోల్టునకు వెల్డింగు చుక్కకంటె ఖర్చెక్కువ. జింకుపూతకు రంగుపూతకంటె ఖర్చెక్కువ. కాని గుంటపడిన మంచమునకు మరియొకరు చెల్లించు మూల్యము కొట్టువారి చీటీలో ఉండదు. పక్షవాతముతో మంచము పట్టిన పెద్దమనిషిని తలచుకొనుడు. పడకపుండ్లు పడకుండ ఆయనను గంట రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పవలెనని వైద్యులు చెప్పుదురు. నడుమ గుంటయున్న మంచమున ఎంత త్రిప్పినను శరీరము మరల ఆ గుంటలోనికే జారును. త్రిప్పునది ఇంటి కోడలో, కూతురో. ఆమె నడుము విరుగును, ఆయన పుండు మానదు. మంచము మన్నిక అనగా ఆ ఇద్దరి దేహముల మన్నిక. మెత్తన చెడ్డదని బల్లమీద పరుండబెట్టుటయు పరిష్కారము కాదు. 2003లో స్పెయిను దేశపు వైద్యులు దీర్ఘకాలపు నడుమునొప్పిగల 313 మందిని పరీక్షించి, మిక్కిలి గట్టి పరుపుకంటె మధ్యస్థమైన గట్టిదనము గల పరుపే వారికి ఎక్కువ ఉపశమనము ఇచ్చినదని ప్రకటించిరి. ఆ మధ్యస్థము కొన్ననాడు ఒక్కటే ఉండి ప్రయోజనము లేదు. అయిదేండ్ల తరువాతను దానిని సవరించుకొను వీలుండవలెను.

ఇప్పటికే స్ప్రింగు మంచము గలవారు ఏమి చేయవలెను? ఈశాన్యపు వానలు పట్టకమునుపు, సెప్టెంబరు మాసమున ఒక ఎండపూట పరుపు తీసి, స్ప్రింగులన్నిటిని పొడిగుడ్డతో తుడిచి, త్రుప్పు పట్టినచోట కిరసనాయిలు గుడ్డతో రుద్దవలెను. నల్లులకై మరుగునీరు పోయు అలవాటును నులకమంచముతోనే విడువవలెను; ఇనుపమంచమునకు అది విషము. తరువాత కొక్కెముల వంపులలో వ్రేలితో కొంచెము గ్రీజు పట్టించి, పరుపునకు అంటకుండ నడుమ ఒక పాత జంపఖానా పరచవలెను. ఏ స్ప్రింగు తక్కినవానికంటె పొడుగై వ్రేలాడుచున్నదో గుర్తించి, దానిని బరువు తక్కువగా పడు మూలకు మార్చి, మూలదానిని దాని స్థానమునకు తేవలెను. బోల్టుల మరలకు గ్రీజు పూసి ఒకసారి విప్పి మరల బిగింపుడు. మొదటి సంవత్సరము విప్పనిది మూడవ సంవత్సరము పానాకు లొంగదు.